ఏసీ డక్టుల్లో బూజు: కరువు నేలలో ఈ తడి ఎక్కడిది?

నల్లగొండలోని మా మేనమామ తన ఇంటి పై అంతస్తులో గదికొక ఏసీ బిగించకుండా, ఫాల్స్ సీలింగ్ పైన డక్టులు, అంటే గాలి గొట్టాలు వేయించి, ఒకే మిషన్ నుంచి హాలుకూ రెండు పడకగదులకూ చల్లగాలి వచ్చేలా ఏర్పాటు చేయించాడు. రెండు ఎండకాలాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. మూడో ఏడు ఆరుద్ర కార్తె ముసురులో, మిషన్ వేసిన మొదటి ఐదు నిమిషాలు తడిసిన గోనెసంచి వాసన రావడం మొదలైంది. నిచ్చెన వేసుకుని చూస్తే, గాలి వచ్చే గ్రిల్లు రెక్కల అంచుల వెంట ఆవగింజలంత నల్లటి చుక్కలు వరుసగా ఉన్నాయి. తడి తెల్లగుడ్డతో తుడిస్తే అవి మసిలా పొడిగా రాలేదు. కొంచెం జిగటగా, పచ్చదనం కలిసిన నలుపుతో గుడ్డకు అంటుకున్నాయి. పది రోజులకు అవే చుక్కలు అదే చోట మళ్లీ కనిపించాయి. పిలిపించిన మెకానిక్ డక్టు మొత్తం బూజు పట్టిందని తేల్చి, లోపల మందు పొగ కొట్టి వెళ్లాడు. వాసన పోయింది, ఇరవై రోజులకు తిరిగి వచ్చింది.

ఏ మందు మంచిదన్న చర్చ ఆ ఇంట్లో చాలా రోజులు నడిచింది గానీ, అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఏడాదికి సుమారు ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే, మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలు చూసే నల్లగొండ, పాలమూరు ప్రాంతంలో, ఇనుప రేకు గొట్టం లోపల బూజు బతకడానికి కావలసిన తడి ఎక్కడి నుంచి వస్తున్నది? ఇది తేలకుండా చేసిన ఖర్చంతా ఆ ఇరవై రోజుల ముచ్చటగానే మిగులుతుంది.

ముందుగా బూజు అనే మాటతో ఉన్న చిన్న చిక్కు చెప్పుకోవాలి. సాలీడు అల్లినదాన్నీ బూజే అంటాం, తొక్కు మీద తెల్లగా పేరుకునేదాన్నీ బూజే అంటాం. పండుగ ముందర పొడవాటి కర్రకు చీపురు కట్టి దులిపేది మొదటిది. రెండోది ప్రాణమున్న శిలీంధ్రం. దాన్ని పొడిగా దులిపితే, దానికి విత్తనాల్లాంటివైన, కంటికి ఆనని సిద్ధబీజాలు గదంతా లేచి, కొంతసేపు గాలిలోనే తేలుతూ, తడి దొరికిన మరో చోట వాలతాయి. ఏసీ గ్రిల్లును పొడి కుంచెతో దులిపి శుభ్రమైందని అనుకునే అలవాటుకు, రెంటికీ ఒకే పేరు ఉండటం కూడా కొంత కారణమేమోనని నాకు అనుమానం.

ఈ సిద్ధబీజాలు లేని ఇల్లు ఉండదు. చాలావరకు 2 నుంచి 10 మైక్రాన్ల పరిమాణంలో ఉండే ఇవి కిటికీలోంచి, బట్టలకు అంటుకుని, చెప్పుల కింద మట్టితో రోజూ లోపలికి వస్తూనే ఉంటాయి; ఏసీలో ఉండే మామూలు జాలీ ఫిల్టర్ వీటిని ఆపలేదు. అవి మొలకెత్తడానికి తిండి, కాస్త వెచ్చదనం, తడి కావాలి. తిండికి కొదవ లేదు. రేకు దానంతట అది బూజుకు ఆహారం కాకపోయినా, దాని మీద పేరుకున్న దుమ్ములో మన ఒంటి పొట్టు, నూలు పోగులు, కాగితపు నలుసులు ఉంటాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్క వీధి అయితే తవుడు ధూళి, పత్తి జిన్నింగ్ మిల్లు దగ్గరలో ఉంటే దూది నూగు కూడా వచ్చి చేరుతాయి. వెచ్చదనం మన ఇళ్లలో ఏడాదంతా ఉండేదే. ఇక మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. ఏడాది నిలిచే తొక్కు జాడీలో ఒక్కసారి తడి గంటె పెడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. పల్లికాయను గలగలమని మోగేదాకా ఎండబెట్టకుండా బస్తాకెత్తితే ఏమవుతుందో వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతులకు తెలుసు. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల లోపల ఆరబెట్టగలిగితే సాధారణంగా బూజు పట్టదన్నది ఇళ్ల నిర్వహణలో ప్రపంచమంతా పాటించే లెక్క. డక్టు విషయంలోనూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే అక్కడి తడి మనకు కనిపించదు.

ఆ తడి ఎలా పుడుతుందో అర్థం కావాలంటే ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబును గుర్తు చేసుకోవాలి. చెంబు చుట్టూ పట్టిన చెమట చెంబులోంచి ఊరినది కాదు, చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరి చల్లటి లోహాన్ని తాకి నీరైనది. ప్రతి గాలికీ, అందులోని ఆవిరిని బట్టి, ఒక చెమర్చే హద్దు ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు తాకినా నీటి చుక్కలు పడతాయి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, గాలిలో తేమ 20 శాతం ఉన్నదనుకుందాం. ఆ గాలి చెమర్చే హద్దు సుమారు 14 డిగ్రీలు. జూలైలో ముసురు పట్టిన రోజు 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉంటే ఆ హద్దు ఒక్కసారిగా 25 డిగ్రీలకు పెరుగుతుంది. డక్టులో ప్రయాణించే గాలి మామూలుగా 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది కనుక, మే నెలలో దాని రేకు చెమర్చే హద్దుకు అటూ ఇటూగా ఉండి దాదాపు పొడిగానే గడిచిపోతుంది. జూలైలో అదే రేకు, పైన కప్పిన ఇన్సులేషన్‌లో వేలెడంత సందు ఉన్నా సరే, ఆ సందు దగ్గర చెంబులాగే కారుతుంది. ఎండకాలమంతా బాగున్న ఏసీ వానలు పడగానే వాసన కొట్టడానికి మొదటి కారణం ఇదే. వేడి తగ్గిందని మనం ఊపిరి పీల్చుకునే రోజులే డక్టుకు గండం.

రెండో కారణం డ్రెయిన్ పైపు. గది గాలి మిషన్‌లోని చల్లటి కాయిల్‌ను (గాలిని చల్లబరచే గొట్టాల చుట్టను) దాటుతున్నప్పుడు దానిలోని ఆవిరి నీరై కింది ట్రేలో పడి, పైపు ద్వారా బయటికి పోవాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజున ఒకటిన్నర టన్నుల మిషన్ గంటకు ఒకటి రెండు లీటర్ల నీటిని తీయగలదు. రోహిణి కార్తెలో గాలి ఎండిపోయి ఉంటుంది కనుక నీరు చాలా తక్కువగా వస్తుంది. పైపు వాలు తప్పిందా, ట్రేలో పాచి పేరుకుని నోరు మూసుకుందా అన్న సంగతి అప్పుడు బయటపడదు. వానాకాలంలో నీరు ఎక్కువయ్యేసరికి ట్రే నిండి, ఫ్యాన్ గాలికి తుంపర లేచి డక్టు మొదట్లో పడుతుంది. పైపునకు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఉండాలి. ఫ్యాన్ కాయిల్ తర్వాత ఉండే మిషన్లలో ఇంకొక మెలిక ఉంది: ఫ్యాన్ గాలిని లాగుతున్నందున ట్రే దగ్గర పీల్పు ఏర్పడి, బయటి గాలి డ్రెయిన్ పైపు గుండా వెనక్కి వస్తూ నీటిని దిగనివ్వదు. సింకు కింద ఉండేలాంటి నీళ్లు నిలిచే వంపు అక్కడ తప్పనిసరి. చాలా ఇళ్లలో ఆ వంపు పెట్టరు. పైపును తిన్నగా తీసుకుపోయి బాత్రూం డ్రెయిన్‌లో కలిపేస్తారు. అప్పుడు నీరు నిలవడమే కాక మురుగు వాసన కూడా ఏసీలోంచి వస్తుంది, దాన్ని బూజు వాసన అనుకుని డక్టు శుభ్రం చేయించినవారూ ఉన్నారు.

కాయిల్‌ను దాటి డక్టులోకి అడుగుపెట్టే గాలి చల్లగా ఉండటమే కాదు, దాదాపు 90 శాతం పైన తేమతో నిండి ఉంటుంది. ఇంట్లో అన్నింటికంటే చెమ్మ పట్టిన గాలి అదే. మిషన్ నడుస్తున్నంతసేపు ఆ చలిలో బూజు నెమ్మదిగానే పెరుగుతుంది. మిషన్ ఆపాక స్లాబు వేడికి ఫాల్స్ సీలింగ్ పైభాగం వెచ్చబడి, తడి ఆరక ముందే డక్టు లోపలి వాతావరణం బూజుకు అనువుగా తయారవుతుంది. అందుకే బూజును వెతికేటప్పుడు కాయిల్ తర్వాతి మొదటి నాలుగైదు అడుగులు, గాలి చీలే పెట్టె, రేకులు కలిసే అతుకులు, మడతపడి కిందికి వేలాడిన ఫ్లెక్సిబుల్ గొట్టాలు ముందుగా చూడాలి. చివరి గది గ్రిల్లు దగ్గర కనిపించేది తరచుగా అక్కడిదాకా కొట్టుకువచ్చిన భాగమే.

ఈ ప్రాంతపు ఇళ్లలో నేను గమనించిన మరో తడి మూలం కూలర్. హాలులో కూలర్, పడకగదిలో ఏసీ, మధ్యలో తెరిచిన తలుపు: పాలమూరు నుంచి దేవరకొండ దాకా వేసవి సాయంత్రాల ఏర్పాటు ఇదే. కూలర్ చల్లబరచే పద్ధతే నీటిని ఆవిరి చేసి గదిలోకి నెట్టడం; పెద్ద కూలర్ గంటకు లీటర్ల కొద్దీ నీటిని తాగుతుంది, ఆ నీరంతా గాలిలోకే పోతుంది. ఏసీ చేసే పని దానికి సరిగ్గా ఎదురు, గాలిలోని నీటిని పిండి బయట పోయడం. రెండూ ఒకే గాలిని పంచుకుంటే, ఒకటి పోసిన నీటిని ఇంకొకటి తోడుతూ కరెంటు బిల్లు పెంచుతుంది, డక్టు తడుస్తుంది, ఎండకాలం ఇచ్చిన పొడి గాలి లాభం చేజేతులా పోతుంది. కూలర్ వేసిన హాలులో కిటికీలు తెరిచి, ఏసీ ఉన్న వైపు తలుపు మూసి ఉంచడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు. వానాకాలంలో గదిలో తీగ కట్టి బట్టలు ఆరేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

వెనక్కి వచ్చే గాలికి ప్రత్యేకంగా డక్టు వేయకుండా, ఫాల్స్ సీలింగ్ పైనున్న ఖాళీనే దారిగా వదిలేసిన ఇళ్లలో స్లాబు పగుళ్లను కూడా చూడాలి. వాన నీరు దిగి జిప్సం బోర్డు వెనుక కాగితపు పొర నానితే బూజుకు అంతకు మించిన విందు ఉండదు, మిషన్ ఆ గాలినే పీల్చి అన్ని గదులకూ పంచుతుంది. ఇక అవసరానికి మించిన టన్నుల మిషన్ సంగతి: పెద్దదైతే త్వరగా చల్లబడుతుందని దుకాణంలో చెప్పే మాట నిజమే, చిక్కు కూడా అక్కడే ఉంది. గది పది నిమిషాల్లో చల్లబడి కంప్రెసర్ ఆగిపోతే, తేమను పిండేంత సమయం మిషన్‌కు దొరకదు. గది చల్లగా, జిగటగా ఉంటుంది. ఇన్వర్టర్ మిషన్లు వేగం తగ్గించుకుని ఎక్కువసేపు నడుస్తాయి కనుక వీటిలో ఈ దోషం కొంత తక్కువ.

కనిపించిన ప్రతి నలుపూ బూజు కాదని కూడా చెప్పాలి. దేవుడి గదికి దగ్గరగా ఉన్న గ్రిల్లు మీద అగరుబత్తి పొగ, దీపం మసి చల్లటి అంచులకు అంటుకుని అచ్చంగా బూజులాగే కనిపిస్తాయి. నీళ్లు కలిపిన బ్లీచు చుక్క ఒకటి దూదితో అద్ది రెండు నిమిషాలు ఆగితే, బూజు రంగు వెలిసిపోతుంది, మసి అలాగే ఉంటుంది. ఇది స్థూల పరీక్ష మాత్రమే. ఏ జాతి బూజో తెలుసుకోవడానికి ప్రయోగశాలకు పంపడం చాలా సందర్భాల్లో అనవసరం, ఎందుకంటే క్లాడోస్పోరియం అయినా ఆస్పర్జిల్లస్ అయినా చేయవలసిన పని మారదు: తడిని ఆపాలి, పట్టినదాన్ని తీసేయాలి.

ఆరోగ్యం విషయంలో అతి భయమూ అతి ధైర్యమూ రెండూ ఉన్నాయి. 2021లో కోవిడ్ రెండో విడత తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్ జ్ఞాపకంతో, ఏసీలో నల్ల చుక్క కనిపించగానే వణికిపోయేవారిని చూశాను. ఆ జబ్బు మ్యూకర్‌మైకోసిస్. అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం తోడైనవారిని అది ఎక్కువగా పట్టుకుంది, దానిలో నల్లబడేది చచ్చిపోయిన కండ. గ్రిల్లు మీది చుక్కల రంగుకూ దానికీ సంబంధం లేదు. అమెరికాలోనూ ఇలాంటి భయమే ఒకటి పుట్టింది. 1993, 94లలో క్లీవ్‌లాండ్ నగరంలో కొందరు పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరిగితే, దాన్ని ఇళ్లలోని స్టాకీబాట్రిస్ అనే నల్ల బూజుకు ముడిపెట్టారు. 2000లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తిరిగి పరిశీలించి ఆ సంబంధం రుజువు కాలేదని ప్రకటించింది. అలాగని బూజును తేలికగా తీసుకోవడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజుల మీద వెలువరించిన మార్గదర్శకాలు, వీటికీ దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ముదరడానికీ సంబంధం ఉందని చెబుతూనే, గాలిలో ఇన్ని సిద్ధబీజాల వరకు ఫర్వాలేదని చెప్పగల అంకె లేదని కూడా స్పష్టం చేశాయి. ఇంట్లో ఆస్తమా ఉన్నవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు ఉంటే మాత్రం, శుభ్రం చేసేదాకా ఆ డక్టు ఏసీ వేయకూడదు, శుభ్రం చేసే పనిలో వారు దగ్గర ఉండకూడదు.

శుభ్రపరచడంలో అసలు తేడా డక్టు దేనితో చేశారన్న దానిలో ఉంది. నునుపైన జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) అయితే, తనిఖీ మూతలు కోసి, బలమైన వాక్యూమ్‌తో గాలిని ఒక వైపుకు లాగుతూ, తిరిగే కుంచెతో రుద్ది, సిద్ధబీజాలను పట్టగల హెపా ఫిల్టర్ గుండా ఆ గాలిని వదిలితే శుభ్రమవుతుంది. లోపలి వైపు గ్లాస్‌వూల్ (గాజు పీచు) పరిచి ఉంటే, అది తడిసి బూజు పట్టాక ఏ మందుతోనూ బాగుపడదు, తీసి పారేయడమే. ఫ్లెక్సిబుల్ గొట్టాలదీ అదే దారి, పైగా వాటిని కడిగించే ఖర్చుతో కొత్తవి వస్తాయి. మందు పొగ గురించి నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది: చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగిస్తుంది, కాబట్టి చంపి అక్కడే వదిలేసే పనికి డబ్బు ఇవ్వకూడదు. ఓజోన్ యంత్రాలు మరింత దండగ, మనిషి ఊపిరికి హాని చేయనంత తక్కువ మోతాదులో ఓజోన్ బూజును ఏమీ చేయలేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా డక్టులను క్రమం తప్పకుండా ఏటా కడిగించమని చెప్పదు. బూజు కంటికి కనిపించినప్పుడు, ఎలుకలో పురుగులో చేరినప్పుడు, దుమ్ము గడ్డలుగా పేరుకున్నప్పుడు మాత్రమే అవసరమంటుంది.

గ్రిల్లులు, ట్రే వంటి చేతికందే భాగాలను ఇంటివారే శుభ్రం చేసుకోవచ్చు. ముందు ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్చి దించాలి. ఎన్‌95 మాస్కు, చేతికి రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, సర్ఫు నీళ్లతో తడిపి రుద్ది, కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే తిరిగి బిగించాలి. బ్లీచును కాయిల్ మీద పోయకూడదు, అల్యూమినియం రేకులు తినేస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్‌ను దానితో ఎప్పుడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే వెలువడేది క్లోరిన్ విషవాయువు. కాయిల్ కడగడానికి వచ్చినవారు జెట్ పంపును మరీ దగ్గర పెట్టి కొడితే రేకులు వంగిపోయి గాలి ఆడదు. అదే అదనుగా "గ్యాస్ తగ్గింది సార్" అన్న మాట కూడా వినిపిస్తుంది. గ్యాస్ పెట్రోలులా వాడకంతో అయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు పట్టుకోకుండా నింపితే మళ్లీ తగ్గుతుంది, కాయిల్ మీద మంచు గడ్డకట్టి, కరిగినప్పుడు ట్రే పొంగి, కథ మొదటికి వస్తుంది.

మన జిల్లాల్లో ఎక్కువ ఇళ్లలో ఉన్నవి గోడకు బిగించే స్ప్లిట్ ఏసీలే. వాటికి డక్టు లేకపోయినా, లోపల గుండ్రంగా తిరిగే పొడవాటి బ్లోయర్ రెక్కల మధ్య ఇదే దుమ్ము, ఇదే తడి. మృగశిర కార్తె రాగానే ఏసీ కట్టేసి మళ్లీ మార్చి దాకా ముట్టకపోవడం మన అలవాటు. తడి కాయిల్, దుమ్ము పట్టిన బ్లోయర్ వానాకాలమంతా అలా మూసిన డబ్బాలో మగ్గుతాయి. చివరిసారి ఆపే ముందు, ఎండ కాసిన ఒక రోజు చూసుకుని గంట రెండు గంటలు చల్లదనం లేకుండా ఫ్యాన్ మాత్రమే నడిపి లోపల ఆరబెట్టాలి. వాడకం సాగుతున్న రోజుల్లో మాత్రం డక్టు మిషన్ ఫ్యాన్‌ను ఆటోలో, అంటే కంప్రెసర్‌తో పాటే ఆగేలా, ఉంచడమే మేలు. కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాయిల్ మీది నీరు తిరిగి గదిలోకే ఆవిరవుతుంది. 18 డిగ్రీలకు పెట్టే అలవాటు కూడా వానాకాలంలో డక్టును మరింత చెమర్చేలా చేస్తుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల వద్దే మొదలవ్వాలన్న నిబంధన కరెంటు ఆదా కోసం వచ్చింది. వానాకాలపు చెమ్మకు కూడా అది పనికొస్తుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ మీటరు గదిలో పెట్టుకుంటే అంతా అంకెల్లో కనిపిస్తుంది. 60 శాతం లోపు ఉంటే నిశ్చింత, రోజుల తరబడి దానికి పైన ఉంటే ఎక్కడో తడి ఉన్నట్టు.

మా మేనమామ ఇంట్లో చివరికి తేలిందేమిటంటే, డ్రెయిన్ పైపు గోడ దగ్గర అరంగుళం పైకి లేచి ఉంది, మిషన్ నోటి దగ్గర ఇన్సులేషన్ చుట్టిన టేపు ఊడి జానెడు మేర రేకు బయటపడింది. మొదటి ఆరడుగుల గ్లాస్‌వూల్ తీసేసి, బయటి వైపు నైట్రైల్ రబ్బరు చుట్టి, పైపును వాలుగా మార్చారు. మిగతా డక్టును ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఏటా మే చివరి వారంలో ఆయన నిచ్చెన ఎక్కి, ట్రేలో చెంబెడు నీళ్లు పోసి, కింద పైపు చివర దగ్గర మనవణ్ని నిలబెడతాడు. నీళ్లు ఆగకుండా పడ్డాయని వాడు కేక వేస్తే ట్రే మూత బిగించి దిగుతాడు.